ఇంటిలోని కానరాని వాయువు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



ఇట్టి ఉత్సవములందు కావ్యములను గూర్చియో, గ్రంథాలయ చరిత్రను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేను నేడొక వాయువును గూర్చి మాటలాడదలచితిని. ఇది అప్రస్తుతమని కొందరికి తోచవచ్చును. కాని తెలియని విషయమును తెలుగున తెలియజెప్పుటయే మన గ్రంథాలయోద్యమమునకు మొదటి సంకల్పము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో ఆ నగరమందే కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగు మహనీయులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, దేశచరిత్రలతోబాటు ప్రకృతిశాస్త్ర గ్రంథములను గూడ తెలుగున ప్రకటించిరి. ఆ పెద్దలు త్రొక్కిన దారియే నాకు ధైర్యము.

ఆ వాయువు పేరు రేడాను. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కన్ను మండింపదు, దగ్గు పుట్టింపదు. అది ఇంటనున్నదని ఏ యింద్రియమును మనకు చెప్పజాలదు. అయినను ఊపిరితిత్తుల క్యాన్సరునకు కారణములలో పొగత్రాగుట తరువాత ముఖ్యమైనది ఇదియేయని ప్రపంచారోగ్య సంస్థవారు చెప్పుచున్నారు.

మహాభారతము ఆదిపర్వమునందలి లక్కయింటి కథ మీ అందరికిని తెలిసినదే. వారణావతమున పాండవులకై కట్టిన యిల్లు చూపునకు సుందరముగా నుండెను. విదురుడు గూఢమైన మాటలతో ముందే హెచ్చరించెను. ధర్మరాజు నేతి వాసనను, లక్క వాసనను పసిగట్టి సంగతి గ్రహించెను. విదురుడు పంపిన ఖనకుడు నేలక్రింద బిలము త్రవ్వి వెలుపలికి దారి చేసెను. ఈ కథలో మూడు పనులున్నవి: హెచ్చరిక వినుట, నిజమో కాదో పరీక్షించుట, దారి చేయుట. మన రేడాను విషయమునను ఈ మూడు పనులే చేయవలసి యున్నది. భేదమొక్కటే. లక్కకు వాసన కలదు, దీనికి లేదు. కనుక ముక్కు చేయవలసిన పనిని ఇచ్చట యంత్రము చేయవలెను.

ఇది ఎక్కడనుండి వచ్చును? భూమిలోని రాళ్లన్నిటియందును యురేనియము లేశమాత్రముగా నుండును. మన గుట్టలకు ప్రాణమైన గ్రానైటునందు టన్నుకు కొన్ని గ్రాముల చొప్పున నుండును. ఈ యురేనియము తనంతట తాను మెల్లమెల్లగా చెడి, తరతరములుగా రూపము మార్చుకొనుచు పోవును. అది సగమగుటకు 450 కోట్ల సంవత్సరములు పట్టును. దాని సంతతిలో రేడియమను నది సగమగుటకు 1,600 సంవత్సరములు పట్టును. రేడియము చెడగా పుట్టునదే రేడాను. దీని సగము ఆయువు 3.8 దినములు మాత్రమే. ఈ వంశమున వాయురూపమున నుండునది ఇదియొక్కటే. తక్కినవి పుట్టినచోటనే రాతిలో నిలిచిపోగా, రేడాను మాత్రము రాతి సందులగుండ, మట్టి రంధ్రములగుండ బయలుదేరి, నాలుగు దినముల ప్రయాణము చేయగలదు.

ఆరుబయట వెలువడినచో గాలిలో కలిసి పలుచబడిపోవును. బయటి గాలిలో ఘనమీటరునకు 5 మొదలు 15 బెక్వెరెల్‌ల వరకు నుండుట సామాన్యము. బెక్వెరెల్ అనగా సెకనుకు ఒక్క పరమాణువు చెడుట. 1896లో ఈ స్వయంకిరణ గుణమును కనుగొనిన ఫ్రెంచి పండితుని పేరిట ఏర్పడిన కొలత. చిక్కంతయు రేడాను ఇంటిలోనికి ప్రవేశించి వెలుపలికి పోలేకపోయినప్పుడే. గదిలో ఈ వాయువు చెడగా పొలోనియము, సీసము, బిస్మతు అను లోహముల సూక్ష్మకణములు పుట్టును. అవి ధూళిని పట్టుకొని, ఊపిరితో లోనికి పోయి, శ్వాసనాళముల గోడలకు అంటుకొనును. పొలోనియము చెడునప్పుడు వెడలు ఆల్ఫా కణము కాగితమునైనను దాటలేని దుర్బలము. కాని ఆ గోడలయందలి సుకుమారమైన కణజాలమునకు అది తుపాకిగుండు వంటిది. అట్టి దెబ్బలు ఏండ్ల తరబడి తగులగా, వేనిలోనో ఒకదానిలో క్యాన్సరు మొలకెత్తవచ్చును.

ఒక గదిని లెక్కగట్టి చూతము. పండ్రెండడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు, పదియడుగుల ఎత్తు గల గదిలో సుమారు 41 ఘనమీటర్ల గాలి పట్టును. ఘనమీటరునకు 100 బెక్వెరెల్‌లున్నచో, ఆ గదిలో సెకనుకు నాలుగువేల రేడాను పరమాణువులు చెడుచుండునన్నమాట.

గది గాలిని ఒక ఖాతాగా భావింపుడు. నేలనుండి వచ్చునది జమ. కిటికీలగుండ పోవునది ఖర్చు. గదిలో మిగులునది నిలువ. రేడాను తనంతట తాను చెడిపోవుట గంటకు నూటికి ఒకటికంటె తక్కువ. కనుక ఆ ఖర్చును నమ్ముకొనరాదు. అసలు ఖర్చు గాలి మారుటయే. తలుపులు బిగించిన గదిలో గాలి అయిదు గంటలకొకసారి మారుచున్నదనుకొనుడు. కిటికీలు తెరచినందున గంటకొకసారి మారినచో, జమ అంతే యున్నంతవరకు నిలువ అయిదవ వంతునకు దిగును. 250 ఉన్నచోట 50 అగును. బయటి గాలిలోని కొద్దిపాటిని కలుపుకొన్నను లెక్క పెద్దగా మారదు. జమ తగ్గించుట, ఖర్చు పెంచుట అను రెండు మార్గములు తప్ప మూడవది లేదు. ఇక ముందు నేను చెప్పు ఉపాయములన్నియు ఈ రెంటిలోనికే వచ్చును.

దీని కీడు లోకమునకు తెలిసిన విధము విచిత్రమైనది. జర్మనీలో ష్నీబెర్గు అను పర్వత ప్రాంతమున గనులలో పనిచేయు కూలీలు ఏదో యొక ఊపిరితిత్తుల వ్యాధితో అకాలమరణము నొందుచుండిరి. ఆ ప్రాంతపు గనిపనివారి వ్యాధులను గూర్చి 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథమునందే ప్రస్తావన కలదు. అది క్యాన్సరేయని 1879లో హార్టింగ్, హెస్సే అను వైద్యులు నిర్ణయించిరి. అప్పటికింకను రేడానును ఎవరును ఎరుగరు. 1899, 1900 సంవత్సరములలో రూథర్‌ఫర్డు, ఓవెన్స్, డోర్న్ అను శాస్త్రజ్ఞుల పరిశోధనలవలన ఈ వాయువు బయటపడినది. కూలీలు చనిపోవుటకును, కారణము తెలియుటకును నడుమ శతాబ్దములు గడచినవి.

ఇది గనులకే పరిమితమని చాలకాలము తలచిరి. 1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆ భ్రమ తొలగినది. లిమరిక్ అణువిద్యుత్కేంద్రమున పనిచేయు స్టాన్లీ వాట్రాస్ అను ఇంజనీరు ద్వారమున నిలచినంతనే అచ్చటి కిరణమాపక యంత్రము మ్రోగెను. వెదకి చూడగా, ఆ కిరణధూళి ఆయనకు అంటినది పనిచోట గాదు, ఇంటిలోనని తేలెను. ఆ యింట ఘనమీటరునకు సుమారు లక్ష బెక్వెరెల్‌లు ఉండెను. కొన్ని నెలలలో దానిని తగ్గించిన పిమ్మట ఆ కుటుంబము మరల ఆ యింటనే కాపురముండెను. ఈ కడపటి మాటను గుర్తుంచుకొనుడు: అంతటి యింటినిగూడ బాగుచేయగలిగిరి.

1988లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు రేడానును మానవులకు క్యాన్సరు కలిగించు వస్తువుల మొదటి వర్గమున చేర్చిరి. 2009లో ప్రపంచారోగ్య సంస్థవారు ఇండ్లలో ఘనమీటరునకు 100 బెక్వెరెల్‌లకు మించకుండుట మేలనియు, దేశ పరిస్థితులనుబట్టి అది సాధ్యము కానిచోట 300 మాత్రము దాటరాదనియు సూచించిరి. ఊపిరితిత్తుల క్యాన్సరులలో నూటికి 3 మొదలు 14 వరకు రేడాను వలన కలుగుచున్నవని వారి అంచనా.

భయపెట్టుట నా యుద్దేశము గాదు. కనుక అంకెలనే ముందుంచెదను. ఐరోపా ఖండమున జరిగిన 13 పరిశోధనలను ఒకచోట చేర్చి 2005లో ప్రకటించిన లెక్క యొకటి కలదు. ఎన్నడును పొగత్రాగనివారు వేయిమంది యున్నచో, 75 ఏండ్లు నిండులోపల ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చువారు రేడాను లేనిచోట నలుగురు, 100 బెక్వెరెల్‌లున్నచోట అయిదుగురు, 400 ఉన్నచోట ఏడుగురు. సిగరెట్టు త్రాగువారిలోనో, వరుసగా నూరుమంది, నూటయిరువదిమంది, నూటయరువదిమంది. ఈ పద్దు చదివినవారికి రెండు సంగతులు తేటపడును. పొగత్రాగనివానికి అపాయము స్వల్పము, కాని శూన్యము గాదు. పొగత్రాగువానికి రేడాను తోడైనచో నిప్పునకు గాలి తోడైనట్లే. కాబట్టి ఇంట రేడాను ఎంత యున్నను, మొదటి చికిత్స సిగరెట్టును, బీడీని, చుట్టను మానుట. దానికి యంత్రము అక్కరలేదు, రూపాయి ఖర్చు లేదు, మీదుమిక్కిలి మిగులు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ సమీపమున లంబాపురము, పెద్దగట్టు గ్రామములవద్ద యురేనియము ఖనిజమున్నదని అణుఖనిజ సంస్థవారు కనుగొనిరి. గ్రానైటుమీద పరచుకొన్న శ్రీశైలపు గట్టిరాతి పొరకును, అడుగు గ్రానైటునకును నడిమి సంధియందు ఆ ఖనిజము చేరియున్నది. ఆ గనుల ప్రతిపాదనపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. నల్లమలలో యురేనియము త్రవ్వరాదని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించినది. ఆ వాదములను నేనిచ్చట ఎత్తను. కాని గని లేకున్నను రేడాను కలదని మాత్రము చెప్పవలెను. ఇంటిక్రింది సామాన్యమైన గ్రానైటు నేలయే దానికి చాలును. హైదరాబాదు నగరమంతయు అట్టి గ్రానైటుమీదనే నిలిచియున్నది.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖవారు హైదరాబాదు నగరపు ఇండ్లలోను, మన జిల్లాలోని ఇండ్లలోను రేడానును కొలిచి ఫలితములను ప్రకటించియున్నారు. ఇట్టి పరీక్షలకు భాభా అణుపరిశోధన కేంద్రమువారు రూపొందించిన చిన్న డబ్బా వంటి సాధనము మన దేశమున విశేషముగ వాడుకలో నున్నది. దానిలో ప్రత్యేకమైన ఫిల్ముముక్క నుంచి రెండు మూడు నెలలు గదిలో వ్రేలాడదీయుదురు. ఆల్ఫా కణములు ఫిల్ముపై కంటికి కనరాని గాట్లు పెట్టును. పిమ్మట కాస్టిక్ సోడా ద్రావణములో కాచినచో ఆ గాట్లు పెద్దవగును. వానిని లెక్కించి రేడాను పరిమాణమును తేల్చుదురు. ఇట్టి పరీక్షలన్నిటిలోను మరల మరల కనబడు సంగతి యొకటి: గాలి చక్కగా ఆడు ఇండ్లలో తక్కువ, గాలి చొరని ఇండ్లలో ఎక్కువ, వేసవిలో తక్కువ, తలుపులు బిగించుకొను చలికాలమున ఎక్కువ.

మన పూర్వుల మండువ లోగిళ్లలో నడుమ ఆకాశము కనబడుచుండెను. ఖర్చు ఖాతా ఎల్లప్పుడు తెరచియుండెను. నేటి నగరపు ఇండ్లు అట్టివి కావు. దుమ్మునకు, దోమలకు, ఏ.సి. చల్లదనమునకు అద్దపు కిటికీలు రేయింబవళ్లు మూసియుంచుదురు. మూడవ అంతస్తు, నాలుగవ అంతస్తు వారికి నేల దూరము గనుక భయము తక్కువ. నేలను తాకియుండు గదులకే జాగ్రత్త కావలెను.

ఇచ్చటనే మన యూరికి సంబంధించిన మాట వచ్చుచున్నది. మన యూరి ప్రక్కగా పోవు విజయవాడ రోడ్డు మన బిడ్డల ననేకులను హైదరాబాదునకు చేర్చినది. చదువుకొన్నవారు అపార్టుమెంట్ల పై అంతస్తులలో నున్నారు. చదువు దొరకనివారు, భూమి చాలనివారు, నల్లగొండ పాలమూరు జిల్లాలనుండి పోయి ఆ అపార్టుమెంట్లకే వాచ్‌మన్లుగా కుదిరినారు. వారి కాపురమెక్కడ? సెల్లారులో మోటారు గది ప్రక్కన, లిఫ్టు గుంత ప్రక్కన, ఒక్క తలుపు మాత్రమే గల చిన్న గదిలో. మూడు ప్రక్కల మట్టిని తాకిన గోడలు, క్రింద మట్టి, పైన కార్లు. రేడాను జమయగుటకు అంతకంటె అనువైన చోటు వేరొకటి యుండదు. ఆ గదిలో భార్య, పసిబిడ్డలు పది పదునైదేండ్లు గడుపుదురు. ప్రతి గదియు చెడ్డదని నేననను; కొలువనిదే ఏ గదిని గూర్చియు అనరాదు. అయినను కొలువవలసినవానిలో మొట్టమొదటిది ఆ గదియే. ప్రపంచమున రేడాను పరీక్షలు చేయించుకొనువారు తరచుగా సొంత యిల్లు గలవారు. ఎక్కువ అక్కర గలవారో, అద్దెచీటియైనను లేనివారు.

కొలుచుటకు మూడు తెరగులు గలవు. ఒకటి, బొగ్గుపొడి నింపిన డబ్బా. రెండు మొదలు ఏడు దినములు గదిలో నుంచి వెంటనే పరీక్షాలయమునకు పంపవలెను. జాగు చేసినచో పట్టిన రేడాను చెడిపోవును. రెండవది, ముందు చెప్పిన ఫిల్ము. మూడు నెలలనుండి సంవత్సరము వరకు ఉంచవచ్చును. మూడవది, ఎలక్ట్రానిక్ యంత్రము. అరచేతిలో ఇమిడి, ఏనాటి లెక్క ఆనాడు చూపును; ఒకచోటినుండి వేరొకచోటికి మార్చుకొనవచ్చును. దేనినైనను నేలను తాకియున్న గదిలో, పడుకొను గదిలో, మంచమునకు సమమైన ఎత్తులో, కిటికీకి, వంటపొయ్యికి, స్నానపుగదికి దూరముగా నుంచవలెను. రేడాను పగలు రాత్రియు, వాననాడు ఎండనాడును మారుచుండును గనుక, ఒకనాటి అంకె చూచి సంతోషింపరాదు, దుఃఖింపరాదు. నెలదినముల సగటు చూడవలెను. సంవత్సరపు సగటు మరియు నమ్మదగినది.

సగటు 100 లోపల నున్నచో నిశ్చింతగా నుండుడు. 100కు 300కు నడుమ నున్నచో ఇంటి పనులు కొన్ని చేసి మరల కొలువుడు. 300 దాటినచో పడకను పై గదికి మార్చుకొని, తెలిసినవానిచేత మరమ్మతు చేయింపుడు.

ఇంటి పనులేవి? మొదట, నేలకును గోడకును నడిమి పగుళ్లు, నీటి గొట్టములు చొచ్చు రంధ్రములు, షాబాదు బండల నడిమి సందులు సిమెంటుతో పూడ్చుట. సంపునకును మోరీకిని బిగువైన మూత వేయుట. ఎదురెదురు కిటికీలు ఉదయ సాయంకాలములందు తెరచుట. ఇవి చిన్న పనులే యైనను, పగుళ్లు పూడ్చుటతోనే తృప్తిపడరాదు. వాయువునకు వెంట్రుకవాసి సందైనను చాలును.

అన్నిటికంటె గట్టి ఉపాయము ఖనకుని ఉపాయమే. నేలను తొలిచి క్రింద బిందెడంత గుంత చేసి, దానిలో నాలుగంగుళముల ప్లాస్టిక్ గొట్టమును నిలిపి, చుట్టును గాలి చొరకుండ పూడ్చి, ఆ గొట్టమును ఇంటి కప్పుమీది వరకు తీసికొనిపోవలెను. గొట్టమునందు చిన్న ఫ్యాను ఎల్లప్పుడు తిరుగుచుండవలెను. అప్పుడు నేలక్రింది గాలి ఇంటిలోనికి రాకమునుపే పైకి ఈడ్వబడి ఆకాశమున కలియును. క్రొత్త యిల్లు కట్టువారు నేల వేయుటకు ముందే కంకరపొర పరచి, దానిపై దళసరి ప్లాస్టిక్ పట్టా వేసి, ఒక గొట్టమును నిలిపియుంచినచో ఖర్చు మిక్కిలి స్వల్పము. ఏ పని చేసినను పిమ్మట మరల కొలిచి చూడవలెను. సరిచూడని లెక్క లెక్క గాదు.

రెండు పొరపాటులనుగూడ చెప్పెదను. గాలి ఆడుటలేదని సెల్లారు గదిలో గాలిని వెలుపలికి లాగు ఫ్యాను మాత్రము పెట్టుదురు. గాలి లోనికి వచ్చు మార్గము లేనిచో ఆ ఫ్యాను నేలనుండియే గాలిని లాగి, రేడానును పెంచవచ్చును. గాలి వచ్చు దారి, పోవు దారి రెండును ఉండవలెను. ఇక రెండవది, గ్రానైటు బండలను చూచి బెదరి పెరికివేయుట. నునుపుచేసిన బండనుండి వెలువడు రేడాను సామాన్యముగా కొంచెమే. ముఖ్యముగ వచ్చునది ఇంటిక్రింది నేలనుండి. లోతైన బోరునీటిలోగూడ రేడాను కొంత కరిగియుండును. ఆ నీటిని గాలి తగులునట్లు పైనుండి ధారగా తొట్టిలో పడనిచ్చినచో అది చాలవరకు వెడలిపోవును.

ఇట్టి కానరాని శత్రువు మన జిల్లాకు క్రొత్త గాదు. ఫ్లోరైడు నీరు చూచుటకు తేటగానే యుండెను. తరములు దానిని త్రాగి, ఎముకలు వంగి, పండ్లు గారపట్టిన పిదప గాని సంగతి తేలలేదు. నీటిని పరీక్షించినవారు వచ్చిరి. పటిక, సున్నముతో శుద్ధిచేయు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970లలో కనిపెట్టి దానికి మన నల్లగొండ పేరే పెట్టిరి. మన పేరు శాస్త్రగ్రంథములకెక్కినది, కాని ఎంతటి మూల్యమునకు! కొలుచుట ముందును, బాధ తరువాతను అయ్యెనేని ఆ మూల్యము తప్పెడిది.

కావున ఈ రజతోత్సవ సమయమున నాదొక విన్నపము. అమెరికాలోను, కెనడాలోను ఎన్నో ప్రజా గ్రంథాలయములు రేడాను కొలుచు యంత్రమును పుస్తకమువలెనే చందాదారులకు ఎరువిచ్చుచున్నవి. మన గ్రంథాలయముగూడ అట్టి యంత్రమునొకదానిని కొనవలెను. దాని వెల కొన్నివేల రూపాయలు; ఉత్సవపు చందాలలో మిగిలినదానికి నలుగురు చేయి కలిపినచో చాలును. నెలకొక ఇంటి చొప్పున ఏటికి పండ్రెండు ఇండ్లకు ఈయవచ్చును. దానితోబాటు ఒక చిన్న పుస్తకము పంపవలెను: ఉంచిన తేది, ఏ అంతస్తు, గది నేలను తాకియున్నదా, కిటికీలెన్ని, మొదటి సగటు, పని చేసిన పిదప సగటు. పేర్లు వ్రాయ నక్కరలేదు. మొదటి వరుస సెల్లారు గదులలో నున్న మన యూరివారిది కావలెను. అంకె హెచ్చుగా వచ్చినచోట ఆ పుస్తకమును చేతబట్టుకొని మనలో నలుగురు పోయి, ఆ అపార్టుమెంటు పెద్దలతో మర్యాదగా మాటలాడవలెను. వట్టిచేతులతో పోయినచో ఫిర్యాదందురు. అంకెతో పోయినచో వినక తప్పదు.